నీటి కింది ఊరు

పిల్లల పరీక్షల వేళ తల్లులు పడే ఆదుర్దా గురించి ఈ నెల రాస్తానని గత సంచికలో మాట ఇచ్చాను. పాఠక సోదరీమణులు మన్నించాలి. ఆ మాట వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. ఈ మధ్య ఒక రోజు మేమిద్దరం నాగార్జునకొండ దీవికి వెళ్ళివచ్చాము. ఆ సంగతి రాయకుండా మరొకటి రాయడానికి కలం కదలడం లేదు.

మా నికాహ్ జరిగి 25 ఏళ్ళు నిండాయి. వినడానికి అది పెద్ద లెక్కే. కాని అందులో 17 ఏళ్ళు ఆయన దమ్మామ్‌లో ఏసీ మెకానిక్‌గా ఉన్నారు. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు. ఆ సెలవులో సగం బంధువుల ఇళ్ళకు, మిగతా సగం బ్యాంకు పనులకు. కలిసి బ్రతికిన కాలాన్ని కూడితే ఎనిమిదేళ్ళ పైచిలుకు. రెండేళ్ళ క్రితం ఆయన శాశ్వతంగా తిరిగి వచ్చేశారు. అల్ హందులిల్లాహ్. అయితే ఇంటికి వచ్చిన మనిషితో ఏం మాట్లాడాలో తెలియని భార్యలు నాలాగా ఇంకా ఎందరు ఉన్నారో! ఫోనులో గంటసేపు మాట్లాడుకున్న వాళ్ళం, ఒకే గదిలో కూర్చుంటే గ్యాస్ సిలిండరు, కరెంటు బిల్లు తప్ప మాట దొరికేది కాదు.

పెళ్ళిరోజు జరుపుకోవడం మన పద్ధతి కాదు కదా అని కొందరు అడగవచ్చు. మేము కేకు కోయలేదు, దీపాలు ఆర్పలేదు. ఒక రోజును ఒకరికొకరు ఇచ్చుకున్నాము. దానికి ఏ పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. మా అమ్మాయి మాత్రం, "అమ్మీ, అబ్బా ఇద్దరూ కలిసి బయటికి వెళ్ళడం నేను పుట్టాక ఇదే మొదలు" అని ఎత్తిపొడిచింది.

నాగార్జునసాగర్ వెళ్దామన్నది ఆయనే. అందుకు నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే మా అత్తమ్మ పుట్టిన ఊరు ఆ జలాశయంలోనే ఉంది. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు పునాదిరాయి పడినప్పుడు ఆమె చిన్నపిల్ల. 1967లో కాలువలకు నీళ్ళు వదిలే నాటికి ఆ ఊరు లేదు. పదిహేనేళ్ళ వయసులో తల్లితో పాటు బండి ఎక్కి వచ్చేశానని చెప్పేది. తండ్రి అంతకుముందే చనిపోయి ఆ ఊరి ఖబరస్తాన్‌లో ఉన్నారు. ఆయనను తెచ్చుకోలేకపోయామని అనేది, ఏదో సామాను మరిచిపోయి వచ్చినట్లుగా. వానాకాలంలో పత్రిక రాగానే మా అబ్బాయిని పిలిచి సాగర్ నీటిమట్టం చదివించుకునేది. నిండుమట్టం 590 అడుగులు అన్న అంకె ఆమెకు కంఠస్థం. "ఈ ఏడు బాగా తగ్గిందిరా, మా ఊరు బయటపడిందేమో" అనేది. చూడటానికి తీసుకెళ్తామంటే మాత్రం ఒప్పుకునేది కాదు. కొడుకూ ఎన్నడూ వెళ్ళలేదు.

మరొక మాట కూడా చెప్పాలి. మా పుట్టింటి పొలం సాగర్ కుడికాలువ కింద ఉంది. ఆ నీళ్ళు రాకముందు అది మెట్ట. ఆ నీళ్ళు వచ్చాకే మా అబ్బా వరి పండించి, మాకు చదువులు చెప్పించి, నా పెళ్ళి చేశారు. అత్తమ్మ ఊరు మునిగింది, మా ఇంట అన్నం పండింది. ఒకే వంటింట్లో ఇద్దరం ఇన్నేళ్ళు ఈ సంగతి తెలిసే మెలిగాము, ఎన్నడూ పైకి అనుకోలేదు.

నికాహ్ జరిగిన తేదీ ఈసారి శుక్రవారం వచ్చింది. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. వెళ్ళదలచిన వారు ఇది గుర్తుంచుకోవాలి. ఎలాగూ జుమా ఉంది కనుక శనివారం ఫజ్ర్ నమాజు చేసి గుంటూరు నుండి బయలుదేరాము. సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, గురజాల, మాచర్ల. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల తెల్లటి దుమ్ము చెట్ల ఆకులపై పేరుకొని ఉంది. ఆ సున్నపురాతి నేలే ఒకనాడు శిల్పులకు రాయిని ఇచ్చిందని తరువాత గాని నాకు స్ఫురించలేదు. దారంతా ఆయన డ్రైవింగు మీద, నేను కిటికీ మీద దృష్టి పెట్టాము.

విజయపురి సౌత్‌లో లాంచీ కోసం చాలాసేపు ఎదురుచూశాము. మనుషులు నిండితే గాని కదలదు. ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద పడవ మునిగిన తరువాత నీటిపై ప్రయాణమంటే మన వైపు వారికి గుండె కాస్త అదురుతుంది. బుర్ఖా మీద జాకెట్టు బిగించుకోలేక అవస్థ పడుతుంటే ఆయన లేచి వచ్చి పట్టీలు బిగించారు. మాట్లాడలేదు. అయినా ఆ రోజు మొదటిసారి నాకు తేలికగా అనిపించింది.

ముప్పావుగంటకు పైగా నీటిపై ప్రయాణం. రెండు వైపులా నల్లమల కొండలు నీటిలోకి దిగి కాళ్ళు చాపుకొని కూర్చున్నట్లుంటాయి. నీళ్ళు ఆకుపచ్చగా, నిశ్చలంగా ఉన్నాయి. ఆయన కళ్ళు నీటినే చూస్తున్నాయి. ఏ దిక్కున ఊరుండేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ కొండ అసలు దీవి కాదు. ఇక్ష్వాకు రాజులు క్రీస్తు శకం 3, 4 శతాబ్దాలలో విజయపురి రాజధానిగా పాలించిన లోయ మధ్య నిలిచిన కొండ. 1926లో ఆ లోయలోని శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. ఆనకట్ట కడతారని తేలిన తరువాత, నీళ్ళు రాకముందే తవ్వి తీయాలని 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్దయెత్తున తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని రాయి రాయిగా విప్పి, పైకి మోసుకువచ్చి, ఈ కొండపైనా, ఒడ్డున అనుపు దగ్గరా మళ్ళీ పేర్చారు. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం. మిగిలిన లోయను కృష్ణమ్మకు వదిలేశారు.

మెట్లు ఎక్కుతుండగా ఆయన మోకాలు పట్టేసింది. నేను ముందుకు పోయి పైనుండి చూస్తూ నిలబడితే, "నవ్వు, నవ్వు" అన్నారు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) వెంట ఉన్నవారిని ముందుకు సాగమని పంపి, హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం పెట్టుకున్న ఉదంతం హదీసులలో ఉంది. ఆసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి మరో ప్రయాణంలో ఆయన గెలిచి, ఆ గెలుపుకు ఇది చెల్లు అన్నట్లు నవ్వారు. అది గుర్తుచేశాను. "అయితే నా వంతు ఇంకా ఉందన్నమాట" అన్నారు మా వారు, రొప్పుతూనే.

మ్యూజియంలో ఎక్కువసేపు ఉన్నది రెండు చోట్లనే. ఒకటి, సిమెంటుతో చేసిన లోయ నమూనా. మునిగిన నేల అంతా కొండలతో, నదితో సహా అక్కడ పొడిగా ఉంది. పురావస్తు స్థలాలను గుర్తించి చూపారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకొని నది వెంట వేలు కదిపారు. అత్తమ్మ ఊరు అందులో మాకు దొరకలేదు. వెతకడం మాత్రం ఆయన మానలేదు. వెనక వచ్చిన వారు పక్కకు తప్పుకోమనేదాకా అక్కడే ఉన్నారు.

రెండవది, ఛాయాస్తంభాలు. మరణించిన వారి జ్ఞాపకార్థం నిలిపిన రాళ్ళు. రాజులకు, రాణులకే కాదు, సేనానులకు, పనివారికి కూడా నిలిపిన రాళ్ళు ఈ లోయలో దొరికాయి. చాంతమూల మహారాజు జ్ఞాపకార్థం ఒక స్తంభాన్ని ఆయన తల్లులు, అక్కచెల్లెళ్ళు, భార్యలు కలిసి వేయించారని శాసనం చెబుతోంది. ఆడవాళ్ళు కలిసి ఒక దుఃఖాన్ని రాతికి అప్పగించారు. మన విశ్వాసం వేరు, సమాధులపై మన మర్యాద వేరు. అయినా ఆ రాతి ముందు నేను కదలలేకపోయాను. ఆయన నా పక్కకు వచ్చి, "వీటిని పైకి మోశారు. నానా ఖబర్ ఎవరికి గుర్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

జుహ్ర్ వేళయింది. తోటలో పనిచేస్తున్న పెద్దాయన మేము దిక్కులు చూడటం గమనించి, "ఇటు అమ్మా. మీవాళ్ళు వస్తే ఈ చెట్టు కిందే, ఇటు తిరిగి చేస్తారు" అని చూపించాడు. వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం కనుక రెండు రకాతులు ఖస్ర్ చేసుకున్నాము. సలాం తరువాత ఆయన చేతులు చాలాసేపు ఎత్తే ఉంచారు. నేను డబ్బా విప్పాను. చపాతీలు, ఖీమా, గోంగూర పచ్చడి, పెరుగన్నం. కోతులు రాకముందే తినాలని తొందరపెడుతుంటే ఆయన ఉన్నట్లుండి అడిగారు.

"రాత్రిపూట తలుపు గడియ వేయకుండా ఎందుకు వదిలేస్తావు? నేను వచ్చిన నాటినుండి చూస్తున్నాను. రోజూ పది దాటాక నేనే లేచి వేస్తున్నాను."

సోదరీమణులారా, ఈ ప్రశ్న కోసం నేను రెండేళ్ళుగా భయపడుతున్నాను.

2020 వేసవిలో, అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయిన రోజులలో అత్తమ్మ చనిపోయింది. ఆయన అక్కడ, ఇంట్లో నేను, పిల్లలు. జనాజాకు నలుగురైదుగురు పొరుగువారు. ఫోను చేసి నేను చెప్పినది ఒక్కటే: "నిద్రలోనే వెళ్ళిపోయింది. ఏ బాధా పడలేదు." అది నిజం కాదు. చివరి మూడు రాత్రులు ఆమె నిద్రపోలేదు. "వాడు వచ్చాడా? తలుపు తీసే ఉంచు. బండి ఆలస్యమైందేమో" అంటూనే ఉంది. గడియ వేసిన చప్పుడైతే లేచి కూర్చునేది. నేను మూడు రాత్రులూ తలుపు దగ్గరగా వేసి, గడియ వేయకుండా గుమ్మంలో పడుకున్నాను. ఆమె పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. పది దాకా చెయ్యి గడియ మీదికి వెళ్ళదు.

ఇదంతా చెట్టు కింద చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. చెబుతున్నంతసేపు పెరుగన్నం డబ్బా మూత పెడుతూ, తీస్తూ ఉన్నానని మాత్రం గుర్తుంది.

ఆయన ఏమీ అనలేదు. లేచి రేవు వైపు దిగిపోయారు. పైనుండి చూస్తే చివరి మెట్టు మీద, నీళ్ళకు అడుగు దూరంలో కూర్చొని కనిపించారు. వెళ్ళాలో వద్దో తెలియలేదు. అబద్ధం చెప్పడం తప్పా, ఇప్పుడు నిజం చెప్పడం తప్పా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. భార్యాభర్తల మధ్య మంచి కోసం మాటను మెత్తబరచడానికి వెసులుబాటు ఉందని పెద్దలు చెబుతారు. కాని ఆ మెత్తదనం ఎవరి కోసం? ఆయన ఒంటరిగా గదిలో తల్లడిల్లకూడదని అనుకున్నమాట నిజమే. ఆ ప్రశ్నలకు నేను జవాబు చెప్పుకోలేననే భయమూ అందులో ఉంది.

లాంచీ హారన్ మోగింది. మళ్ళీ మోగింది. నేను సంచి పట్టుకొని దిగేసరికి ఆయన కృష్ణ నీటితో ముఖం కడుక్కొని నిలబడి ఉన్నారు. "నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నారు. గొంతులో కోపం ఉంది. ఉండకూడదని నేనెలా అంటాను?

"మీరు అక్కడ ఒక్కరే ఉన్నారు" అన్నాను.

"నువ్వూ ఇక్కడ ఒక్కదానివే కదా" అన్నారు.

తిరుగు ప్రయాణంలో గాలి ఎక్కువైంది. సగం దారిలో ఆయన, "మొదటినుండి చెప్పు. మొదటి రాత్రి ఏమంది?" అని అడిగారు. లాంచీ ఇంజను చప్పుడులో ఆయన చెవి దగ్గరగా చెప్పాను. రెండవ రాత్రి ఏమంది, మూడవ రాత్రి ఏం తాగింది, కలిమా ఎన్నిసార్లు పలికింది, షహాదత్ వేలు ఎలా ఎత్తింది. అన్నీ. ఒకచోట ఆయన ఆపమన్నట్లు చెయ్యెత్తారు. కాసేపటికి, "ఊ, తరువాత?" అన్నారు. నీటి మధ్యలో ఎక్కడో ఇద్దరమూ చేతులెత్తి అత్తమ్మ కోసం, ఆ అడుగున ఉన్న ఆమె తండ్రి కోసం మగ్ఫిరత్ దుఆ చేశాము. పక్కన కూర్చున్న పసిపిల్ల మమ్మల్ని చూసి తానూ చేతులెత్తింది.

ఒడ్డున చేపల వేపుడు వాసన గుబాళిస్తోంది. ఆకలి లేదనుకుంటూనే రెండు ప్లేట్లు తిన్నాము. మాచర్లలో టీ. ఆ తరువాత దారంతా ఆయనే మాట్లాడారు. దమ్మామ్‌లో ఆ వార్త విన్న రాత్రి గదిలోని మలయాళీ సహచరుడు తనకు అన్నం కలిపి తినిపించాడట. ఇన్నేళ్ళలో నాకు ఆ సంగతి తెలియదు.

ఇంటికి చేరేసరికి పదిన్నర. పిల్లలు పడుకున్నారు. నేను చెప్పులు విడిచి గడియ మీద చెయ్యి వేశాను.

"ఇంకాసేపు ఉండనీ" అన్నారు ఆయన, కుర్చీ లాక్కొని గుమ్మం దగ్గర కూర్చుంటూ.