గజాల్లో అనుమతి, మంచాల్లో అద్దె

హైదరాబాద్ కొత్తపేటలో మా వీధి ముప్పై అడుగులది. మొదట్లో ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లం చాలావరకు నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన చిన్న ఉద్యోగులం. బస్సు దిగిన చోటికి దగ్గర్లోనే స్థలం కొనుక్కున్నాం. రెండు వందల గజాలు, రెండు గదులు, ముందు జామచెట్టు, వెనక బోరు. అలాంటి ఇళ్లు ఇప్పుడు వీధి మొత్తంలో నాలుగు మిగిలాయి. మిగతావన్నీ ఐదంతస్తులు, పైన పెంట్‌హౌస్, కింద బండ్లు ఉండాల్సిన చోట మెస్. గేటుకో ఫ్లెక్సీ: త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, వైఫై, వేడినీళ్లు.

మా కాలనీ సంఘం ఆ మధ్య ఒక తీర్మానం రాసింది, ఇక్కడ హాస్టళ్లు వద్దని. నేను సంతకం పెట్టలేదు. దాన్ని రాసిన పెద్దమనిషి తన ఇంటి పై రెండంతస్తులూ హాస్టలుకే ఇచ్చాడన్నది ఒక కారణం. అసలు కారణం వేరే. కోచింగుకు వచ్చిన పిల్లల మీద నాకు ఫిర్యాదు లేదు. రాత్రి పన్నెండింటికి టీ బండి దగ్గర కరెంట్ అఫైర్స్ గురించి వాదించుకునే కుర్రాళ్ల వల్ల వీధికి నష్టమేమీ లేదు. నా అభ్యంతరమంతా లెక్క దగ్గరే.

ఈ నగరంలో భవన అనుమతి గజాల్లో ఇస్తారు. 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవోతో, ప్లాటును బట్టి మొత్తం ఎంత కట్టుకోవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. 2012 ఏప్రిల్ నాటి 168వ జీవో కూడా అదే దారిలో నడిచింది. ప్లాటు ఎంత, రోడ్డు ఎంత, సెట్‌బ్యాక్ వదిలారా, ఎత్తు ఎంత అని చూస్తారు. లోపల ఎంతమంది పడుకుంటారో అడగరు. ఓనరు మాత్రం ఆదాయాన్ని మంచాల్లో లెక్కేసుకుంటాడు. ఐదు కుటుంబాలకని అనుమతి తీసుకున్న ఇంట్లో అరవై మంచాలు వేస్తాడు.

అరవై మంచాలంటే ఏమిటో నీళ్లలో చూద్దాం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. ఐదు కుటుంబాలంటే ఇరవై మంది, 2,700 లీటర్లు. అరవై మందికి 8,100. మా వీధి పైపు, మురుగు లైను ఆ 2,700 లెక్కలో వేసినవి, అదీ గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ మునిసిపాలిటీలు 2007లో జీహెచ్‌ఎంసీలో కలవకముందు. వానాకాలంలో మ్యాన్‌హోల్ పొంగితే పొద్దున్నే ముక్కు మూసుకుని దాటేది ఆ అరవై మందీ, మేమూ. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాంనగర్ మునిగింది. అలాంటి పల్లంలో కింది అంతస్తు గదులను అద్దెకివ్వడం ఇంకా ఆగలేదు.

నిప్పు సంగతి ఇంకా ఘోరం. నివాస భవనమైతే 18 మీటర్లు, వాణిజ్య భవనమైతే 15 మీటర్లు దాటినప్పుడే అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి. ఐదంతస్తుల హాస్టలు కాగితాల మీద నివాసం, ఎత్తు 18కి కొంచెం తక్కువ. మెట్లు ఒక్కటే, కిటికీలకు గ్రిల్స్. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో 2024 జులై 27న బేస్‌మెంట్‌లోకి నీళ్లు దూకి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అది సామాన్లకని అనుమతి పొందిన చోటు, నడిపింది లైబ్రరీ. కాగితం ఒకటి చెబుతుంటే లోపల మరొకటి నడవడం మనకూ కొత్త కాదు.

ఇంత ఇరికించినా అద్దెలు దిగాయా? కట్టుకోనిస్తే ధరలు వాటంతటవే తగ్గుతాయని పట్టణ ఆర్థికవేత్తలు అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. కానీ మా పక్కనున్న కోచింగుల దిల్‌సుఖ్‌నగర్‌లో గిరాకీని నడిపేది ఉద్యోగ నోటిఫికేషన్. 2022 మార్చి 9న అసెంబ్లీలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఊళ్ల నుంచి పిల్లలు సంచులతో దిగారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 783 పోస్టుల గ్రూప్-2 పరీక్ష నాలుగుసార్లు వాయిదా పడి 2024 డిసెంబరులో జరిగింది. తేదీ మార్చేది పబ్లిక్ సర్వీస్ కమిషన్, ఆ మారిన నెలలకు అద్దె కట్టేది ఊళ్లో కౌలు చేసే తండ్రి. దీనికి తోడు 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్‌కు, 2019 మార్చిలో హైటెక్ సిటీకి మెట్రో వచ్చింది. గచ్చిబౌలి అద్దెలు మోయలేని ఉద్యోగులు ఈ చివరికి వచ్చారు. ఒకే గది కోసం జీతమున్నవాడూ, జీతం కోసం చదివేవాడూ పోటీ పడితే ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు.

వీళ్లకు చట్టం అండ లేదు. మన అద్దె నియంత్రణ చట్టం 1960 నాటిది. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె దాని కిందికి రాదు. ఫోర్ షేరింగ్‌లో మంచానికే అంతకంటే ఎక్కువ పోతోంది. అడ్వాన్సుకు రసీదు అడిగితే ‘నమ్మకం లేకపోతే వేరే చోట చూసుకో బాబూ’ అనే జవాబు వస్తుంది.

మంచాలు లెక్కపెట్టడం ప్రభుత్వానికి చేతగాదా అంటే, అదీ కాదు. 2024 జూన్‌లో జీఎస్టీ మండలి హాస్టళ్లకు మినహాయింపు సిఫారసు చేసినప్పుడు మనిషికి నెలకు 20 వేల రూపాయల లోపు, కనీసం 90 రోజుల బస అని రాసింది. సినిమాహాలుకు సీట్లు లెక్కిస్తారు, ఆసుపత్రికి పడకలు లెక్కిస్తారు. హాస్టలును కూడా మంచానికింత అని రిజిస్టరు చేసి, నీటి చార్జీ, డ్రైనేజీ కనెక్షన్, రెండో మెట్ల దారి, అడ్వాన్సు రసీదు ఆ సంఖ్యకు ముడిపెడితే చాలు. కొన్ని హాస్టళ్లు మూతపడతాయి, కొన్నిచోట్ల అద్దె కొంత పెరుగుతుంది కూడా. ఆ పెరుగుదలను పిల్లల నెత్తిన వేయకూడదంటే సర్కారే మెట్రో దగ్గర అభ్యర్థులకు వసతి కట్టాలి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైన 1918లోనే ఈ నగరంలో రెడ్డి హాస్టల్ వెలిసింది. కొత్వాల్ వెంకటరామారెడ్డి దానికి పెద్దదిక్కు, సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ చూశారు. కులం పేరుతోనే కావచ్చు, జిల్లాల నుంచి చదువుకు వచ్చే పిల్లవాడికి చోటివ్వడం తమ పనేనని అప్పటి సమాజం అనుకుంది. నూరేళ్ల తర్వాత ఆ పనిని పెంట్‌హౌసులకు వదిలేశాం.

గిరాకీ ఇంకా పెరగబోతోంది. మా దగ్గరి పండ్ల మార్కెట్టు బాటసింగారం వెళ్లిపోయాక ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. నర్సులు, టెక్నీషియన్లు, రోగుల బంధువులు వస్తారు, అందరికీ చోటు కావాలి. మా వీధిలో మిగిలిన నాలుగు ఇళ్లలో ఒకటి అప్పుడే బిల్డరు చేతికి వెళ్లింది. జామచెట్టు ఇంకా కొట్టలేదు. దాని నీడలో నిలబడి, అంతస్తుకు ఎన్ని మంచాలు పడతాయో మేస్త్రీతో లెక్క వేయిస్తున్నాడు ఓనరు. ప్లానులో మాత్రం ఐదు కుటుంబాల ఇల్లనే ఉంది.