మా ఒగ్గుకథకూ ఒక దరఖాస్తు
హైదరాబాద్‌లోని అమెరికా కాన్సుల్ జనరల్ గారికి,

హైదరాబాద్ పైగా నవాబుల సమాధుల మరమ్మతుకు 2023లో మీ దేశం 2.5 లక్షల డాలర్లు ప్రకటిస్తే సంతోషించాం. అలాగే కాపాడుకోవాల్సిన జానపద కళ ఒగ్గుకథ మా మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెల్లో ఉంది. పేరున్న ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములు గారి హన్మాజీపేట ఈ సిరిసిల్ల జిల్లాలోదే. డోలు మీద పుల్ల పడితే బీరప్ప కథ తెల్లవార్లూ సాగుతుంది. ఈ కళను పిల్లలకు నేర్పడానికి మీ చిన్న గ్రాంటు చాలు. కానీ దరఖాస్తు ఇంగ్లీషులో, బడ్జెట్ డాలర్లలో ఉండాలి. సంస్థకైతే మీ ప్రభుత్వ ‘సామ్’ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషనూ కావాలి. రాత్రంతా నోటికి కథ చెప్పే కళాకారుడు మొదటి పేజీలోనే ఆగిపోతాడు.

తొలి ప్రతిపాదన తెలుగులో తీసుకోండి. ప్రకటన వెలువడినప్పుడల్లా ఒక అధికారిని మా జిల్లా కేంద్రం జగిత్యాలకు పంపి, ఫారం నింపడం దగ్గరుండి నేర్పించండి.

ఇట్లు,
మేడిపల్లి నుంచి ఒక ఒగ్గుకథ అభిమాని