కళాకేంద్రంలో అతిథి ఎవరు?

పుదుచ్చేరి పట్టణాన్ని ఒక కాలువ ఉత్తరదక్షిణాలుగా చీలుస్తుంది. దానికి తూర్పున, సముద్రపుటొడ్డున, ఫ్రెంచివారు తమకోసం కట్టుకొన్న పేట ఉన్నది; పడమట తమిళుల పేట ఉన్నది. ఆనాటి పాలకులు మొదటిదానిని తెల్లపట్టణమనీ, రెండవదానిని నల్లపట్టణమనీ నిస్సంకోచంగా పిలిచారు. 1954 నవంబరు 1న పరిపాలన చేతులు మారినది; 1962 ఆగస్టు 16న ఆ మార్పునకు చట్టబద్ధత సిద్ధించినది. నల్లపట్టణమన్న పేరు మర్యాదకు వెరచి మరుగున పడినది కాని, తెల్లపట్టణమన్న పేరు మాత్రం యాత్రికులను ఆకర్షించే సరుకుగా నేటికీ చెలామణి అవుతూనే ఉన్నది. కళాకేంద్రమంటే ఏమిటి, అది ఎవరికోసం అన్న వివాదానికి ఈ కాలువ గట్టు కంటె తగిన చోటు మరొకటి దొరకదు.

వివాదం ఎక్కడ ఉన్నదని అడిగేవారుంటారు. స్థానిక కళాకారులను ఆహ్వానించవలెనని, నాటక బృందాలకు, నృత్యబృందాలకు వేదిక కల్పించవలెనని అందరూ అంటున్నదే గదా! నిజమే, అందరూ అంటున్నదే. చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. ఆహ్వానం అతిథికి పంపుతారు. సొంత ఇంటికి ఎవరూ ఎవరినీ ఆహ్వానించరు. తరతరాలుగా ఆ ఊళ్లోనే పాడుతూ ఆడుతూ వచ్చినవానిని ఆ ఊరి కళాకేంద్రానికే పిలిచి, ఒక సాయంకాలం వేదిక ఎక్కించి, శాలువ కప్పి, రాత్రి తొమ్మిది గంటలకు తలుపు మూసి పంపివేయడాన్ని ఆతిథ్యమని పిలుచుకొంటున్నారు. ఇది ఆతిథ్యమే, అందుకనే ఆక్షేపణీయం.

కళాపోషణ ఈ పట్టణానికి కొత్త కాదు. డూప్లే కొలువులో దుబాసీగా ఉండి, 1736 మొదలు 1761లో మరణించేవరకు దినచర్య వ్రాసిన ఆనందరంగ పిళ్లను చరిత్రకారులు ఆ దినచర్య కొరకు ఎరుగుదురు. తెలుగువారికి ఆయన మరొక విధంగా కూడా ఆప్తుడు. కస్తూరి రంగకవి రచించిన ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయన పేరనే వెలసినది. ఆ కాలంలో కవికి ప్రభువు ఇంటి చావడే కళాకేంద్రం. అక్కడ అతడు ఆశ్రితుడు, ప్రభువు చిత్తమే చట్టం. ఆ పద్ధతిని మెచ్చుకోవలసిన పని లేదు. అయినా ఒక్క మాట ఒప్పుకోక తప్పదు: పద్యం చదివే దినాన మాత్రమే కాక, పద్యం పుట్టే దినాలలో కూడా కవి ఆకలి ఏమిటో ఆ చావడికి తెలిసి ఉండేది. నేటి సభాభవనం తెర ఎత్తే ఘడియను మాత్రమే ఎరుగును.

సుబ్రహ్మణ్య భారతి 1908 నుండి 1918 వరకు ఇక్కడ ప్రవాసంలో గడిపాడు. ‘పాంచాలీ శపథం’ 1912లో, ఆ ప్రవాసకాలంలోనే ప్రకటితమైనది. ఆయన నివసించిన ఇల్లు నేడు స్మారకమందిరం. మంచిదే. కాని ఆ పాంచాలి కథనే, అదే ద్యూతసభను, అదే శపథాన్ని, చదువు రాని రైతుకూలీల కొరకు ద్రౌపదమ్మ గుడి ముంగిట తెల్లవార్లూ ఆడుతూ వచ్చినది తెరుక్కూత్తు. తెలుగు వీధినాటకానికి అది జ్ఞాతి. చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుడి తిరునాళ్లు చూచినవారికి ఆ చుట్టరికాన్ని వివరించనక్కరలేదు. తేలికపాటి కొయ్యతో చెక్కి, అద్దపు ముక్కలు తాపడం చేసిన కిరీటాలు, భుజకీర్తులు ధరించి నటుడు తెర వెనుకనుండి ప్రవేశించే సమయంలో ఆ రంగస్థలానికి ఉండే తేజస్సు సామాన్యమైనది కాదు. కావ్యానికి భవనం లభించినది. కూత్తుకు లభించేది ఉత్సవదినాలలో కొన్ని నిమిషాల వ్యవధి. రాత్రంతా సాగవలసిన కథను యాత్రికుని ఓపికకు సరిపోయేలా కత్తిరించి చూపుమంటారు. పాంచాలి తల విరబోసుకొనేలోగా గడియారం గంట కొడుతుంది.

తమిళ నాటకరంగానికి ఆచార్యస్థానీయుడైన శంకరదాస స్వామిగళ్ 1922లో ఈ పట్టణంలోనే కన్నుమూశాడు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం తన రంగస్థల కళల విభాగానికి ఆయన పేరు పెట్టి, నాటకకర్త ఇందిరా పార్థసారథిని దానికి తొలి సంచాలకునిగా నియమించినది. అరియాంకుప్పంలో భారతియార్ పల్కలైక్కూడం సంగీత, నాట్య, చిత్రకళలు నేర్పుతున్నది. కంబన్ కలై అరంగంలో ఏటేటా కంబరామాయణ ఉత్సవం జరుగుతున్నది. విద్యాలయమూ ఉన్నది, సభాభవనమూ ఉన్నది. ఈ రెండింటి నడుమ ఒక పెద్ద ఖాళీ ఉన్నది. కళాకేంద్రమనదగినది నిలువవలసిన చోటు అదే. పట్టా పుచ్చుకొన్న యువతి మరునాడు ఉదయం ఎక్కడ అభ్యాసం చేస్తుంది? పగలంతా దుకాణంలో పనిచేసి సాయంకాలం నాటకమాడే పదిమంది ఎక్కడ కలుసుకొంటారు? రెండు గంటల నాటకానికి రెండు నెలల రిహార్సలు కావలెను. సభాభవనం అద్దె ఒక పూటకు. మిగిలిన యాభైతొమ్మిది దినాలు మేడమీద, వాన వచ్చిన నాడు ఎవరి వరండాలోనో గడవవలసినదే.

ఇది అసాధ్యమైన కోరిక కాదనడానికి నిదర్శనాలు ఈ పరిసరాలలోనే ఉన్నవి. వీణాపాణి చావ్లా 1981లో బొంబాయిలో స్థాపించిన ఆదిశక్తి సంస్థ 1993లో పుదుచ్చేరి ప్రాంతానికి తరలివచ్చినది. పట్టణం వెలుపల, ఆరోవిల్ దారిలో, నటులు ఉంటూ వండుకొంటూ సాధన చేసే ఆవరణ ఒకటి క్రమంగా రూపొందినది. కూడియాట్టం, కళరిపయట్టు, మిళావు వాద్యం, వీటి శిక్షణను ఆధునిక నటనకు పునాదిగా చేసి ఆమె ‘బృహన్నల’, ‘గణపతి’ వంటి ప్రదర్శనలను నిర్మించినది. ఒక్కొక్క ప్రదర్శన వెనుక సంవత్సరాల పరిశ్రమ ఉన్నది. 2014లో ఆమె మరణించిన తరువాత కూడా ఆ సంస్థ నిలిచినదంటే, అక్కడ నటుడు అద్దెకు వచ్చినవాడు కాకపోవడమే కారణం. పట్టణంలోనే 2007లో కుమరన్ వలవన్ స్థాపించిన ఇండియనోస్ట్రమ్ నాటకసంస్థ ఒక పాత చలనచిత్రశాలను రంగస్థలంగా మార్చుకొన్నది. పారిసుకు చెందిన తెయాత్ర్ దు సొలేయ్ బృందం ఏరియాన్ మ్నూష్కిన్ నాయకత్వాన ఆ తరువాత ఇక్కడికి వచ్చి శిక్షణశిబిరం నడిపినది. 2016లో ఆ బృందం పారిసులో ప్రదర్శించిన ‘భారతదేశంలో ఒక గది’ అన్న నాటకానికి తెరుక్కూత్తే ప్రాణం. తమిళనాడులోని పురిసై గ్రామపు కూత్తు ఆచార్యుడు కణ్ణప్ప సంబందన్ ఆ నటులకు విద్య నేర్పాడు. ఫ్రెంచి నటులకు నెలల తరబడి అభ్యసించదగిన విద్యగా కనిపించినది, తన ఇంటిపక్క వేడుకగా మాత్రమే కనిపించడం దృష్టిదోషం కాక మరేమిటి?

దీనికి ప్రతివాదులు లేకపోలేదు. కళాకేంద్రం తన ఖర్చు తాను సంపాదించుకోవలెననేది వారి మొదటి వాదం. ఉచితంగా ఇస్తే నాసిరకం కళ పెరుగుతుందనేది రెండవది. మొదటిదానికి సమాధానం కాలువకు తూర్పుననే ఉన్నది. 1827లో ఏర్పడిన ప్రజాగ్రంథాలయం, నేడు రొమే రొలాఁ పేరుతో, అక్కడ నిలిచి ఉన్నది. ఇన్నాళ్లలో అది ఎంత లాభం తెచ్చినదని ఎవరూ అడగరు. అడిగితే నవ్విపోతారు. చదువరికి బల్ల, దీపం, నిశ్శబ్దం కావలెనని ఒప్పుకొన్న పట్టణం, నర్తకికి నేల, మద్దెలకు గోడ కావలెనంటే మాత్రం చిట్టా తెరుస్తుంది. రెండవ వాదానికి సమాధానం ఇంకా సులభం. గ్రంథాలయంలో కూర్చున్నవారందరూ పండితులు కారు. ఆ కారణాన బల్లలు తీసివేయరు.

పర్యాటకశాఖవారి వాదం మరింత మృదువుగా ఉంటుంది. కళను యాత్రికులకు చూపితే కళాకారునికి నాలుగు డబ్బులు వస్తాయంటారు. రావచ్చు, దానిని తృణీకరించడం తగదు. అయితే యాత్రికుడు ఒక్కసారి చూచి పోతాడు. రెండవసారి వచ్చి, పోయిన ఏటి కంటె ఈ ఏడు పాత్ర చెడినదని చెప్పేవాడు పొరుగువాడు. ఆ పొరుగువాడు లేనిచోట నటుడు ఏటేటా అదే అభినయాన్ని అప్పగిస్తాడు, తప్పు అతనిది కాదు.

భవనమే సర్వస్వమని నమ్మేవారు ఫ్రాన్సు అనుభవాన్నైనా తిరగవేయవలసినది. నాటకం నీరువలె, విద్యుత్తువలె ప్రజలకందవలసిన సేవ అని జాఁ విలార్ వాదించాడు. మంత్రిగా ఆంద్రే మాల్రో తలపెట్టిన సంస్కృతిగృహాలలో మొదటిది 1961లో లె ఆవ్ర్ నగరంలో తెరిచారు. ఏడేళ్లు తిరగకముందే, 1968లో, విల్లర్బాన్‌లో సమావేశమైన రంగస్థల సంచాలకులే, ఈ గృహాల గడప తొక్కని జనం అపారంగా ఉన్నారని బహిరంగంగా ప్రకటించారు. దేశంలో 1982లో భోపాలులో వెలసిన భారత్ భవన్ కథ కూడా ఇక్కడ స్మరణీయం. చిత్రకారుడు జె. స్వామినాథన్ గోండు పల్లెనుండి జన్‌గఢ్ సింహ్ శ్యామ్‌ను తెచ్చినది ఒక సాయంకాలపు ప్రదర్శనకు కాదు. పని చేసుకోవడానికి తెచ్చాడు. గోండు చిత్రకళ కొత్త శాఖలు వేసినది అక్కడనుండి. హబీబ్ తన్వీర్ 1959లో స్థాపించిన నయా థియేటరుకు అట్టి సౌధం లేదు. ఛత్తీస్‌గఢ్ నాచా నటులు ఉన్నారు. సౌధం లేని లోటును వారు భర్తీ చేశారు. నటులు లేని లోటును సౌధం భర్తీ చేసిన ఉదాహరణ ఎక్కడా కానరాదు.

తెలుగు పాఠకునికి ఇది పొరుగింటి గొడవగా తోచనక్కరలేదు. యానాం ఈ పుదుచ్చేరి ప్రభుత్వపు ఏలుబడిలోనిదే, అక్కడి భాష తెలుగు. హైదరాబాదులో 1961లో రవీంద్రభారతి వెలసినది, ఘనంగానే ఉన్నది. 1885లో కడప సీమలోని సురభి గ్రామాన పుట్టిన నాటక సమాజం మాత్రం రంగస్థలాన్ని బండ్లమీద వేసుకొని ఊరూరా తిరిగినది.

పుదుచ్చేరి పురభవనం 2014లో వానకు కూలినది. పాత రూపం చెడకుండా దానిని తిరిగి కట్టారు. రాతికి, సున్నానికి ఆ పట్టణం చూపగల శ్రద్ధ ఎంతటిదో దానివలన తెలిసినది. అట్టి శ్రద్ధ గల పట్టణాన్ని అడగవలసినది మరొక సౌధం కాదు. ఉన్న భవనాలలో ఒకదానిని ఉదయం ఆరు గంటలనుండి తెరిచి ఉంచవలెను. దాని నిర్వాహకమండలిలో ఆడేవారు, పాడేవారు సగానికి తక్కువ కాకుండా ఉండవలెను. కాలువకు పడమటి బృందాలకు వారంలో నియతమైన దినాలు దక్కవలెను. కూత్తు బృందపు కిరీటాల పెట్టెను ప్రదర్శన ముగిసిన రాత్రే బండికెక్కించనక్కరలేకుండా, ఒక మూల గది, దానికొక తాళం, ఆ తాళంచెవి ఆ బృందం చేతిలోనే ఉండవలెను.