ఊరికొక ధాన్యపు నిధి



కోతలు ముగిసి, కల్లములో రాశి పోసిన నెలలో ఊరిలో ఆకలి మాట ఎవరి చెవినిబడదు. ఆకలి వచ్చునది ఆషాఢ శ్రావణ మాసములలో. అప్పటికి యాసంగి పంట అమ్ముడైపోయి యుండును. వానాకాలపు పైరు ఇంకను పొలములో పచ్చగానే యుండును. విత్తనములకు, ఎరువులకు, పిల్లల బడి ఖర్చులకు ఒకేసారి డబ్బు కావలసి వచ్చును. వాన సకాలమునకు కురిసినచో నాట్ల కూలి దొరకును. వాన పది దినములు వెనుకబడినచో ఆ కూలియు దొరకదు. కూలికి పోయి బ్రతుకు కుటుంబము, కౌలుకు చేయు కుటుంబము, ఒంటరిగా నున్న ముసలి తల్లి ఈ రెండు నెలలు ఎట్లు గడుపుచున్నారో మీ ఊరిలో మీకే తెలియును.

"ఈ కాలములో ఆకలి యెక్కడిది? ప్రభుత్వము ఉచితముగా బియ్యమిచ్చుచున్నది కదా" అని మీరు అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. 1983లో మన రాష్ట్రమున కిలో 2 రూపాయల బియ్యము మొదలైన నాటినుండి పేదవాని కుండలో మెతుకు పెరిగిన మాట నిజము. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చినది. 2023 జనవరి నుండి ఆ చట్టము క్రింది ధాన్యము ఉచితమైనది. తెలంగాణలో కార్డులోని ఒక్కొక్క మనిషికి నెలకు 6 కిలోల చొప్పున ఇచ్చుచున్నారు. 2025లో దొడ్డు బియ్యమునకు బదులు సన్న బియ్యము వచ్చినది. ఇది చిన్న మేలు కాదు. దీనిని తక్కువ చేసి మాట్లాడుట తగదు.

అయినను ఒక చిన్న లెక్క వేసి చూడుడు. కాయకష్టము చేయు ఇంటిలో మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యము చొప్పున నెలకు 12 కిలోలు కావలెను. ఐదుగురున్న ఇంటికి 60 కిలోలు. కార్డుపై వచ్చునది 30 కిలోలు. తక్కిన 30 కిలోలు కొనవలెను. పప్పు, నూనె, ఉప్పు, చింతపండు వేరు. కూలి దొరకు నెలలో ఇది భారము కాదు. కూలి దొరకని నెలలో ఇదే ఆకలి. ఇక కార్డులో ఇంకను పేరెక్కని కోడలు, పసివాడు, వేరుపడిన కొడుకు, పనికై వలస వచ్చి మీ ఊరి పొలిమేరలో గుడిసె వేసుకొన్న కుటుంబము కూడ ఉన్నారు. వారికి ఆ 30 కిలోలు కూడ పూర్తిగా రావు.

మన సిద్దిపేట జిల్లాలో మరియొక వింత కలదు. రంగనాయక సాగరము, మల్లన్న సాగరము, కొండపోచమ్మ సాగరము జలాశయములు ఏర్పడిన పిమ్మట వరి విస్తరించినది. ఒకప్పుడు జొన్న, మక్క మాత్రమే పండిన చెలకలలో కూడ నేడు వడ్లు పండుచున్నవి. కాని ఆ వడ్లు ఊరిలో నిలుచుట లేదు. కోత యంత్రము నుండి ట్రాక్టరులోనికి, ట్రాక్టరు నుండి కొనుగోలు కేంద్రమునకు, అక్కడనుండి మిల్లుకు పోవుచున్నవి. వెనుక ఇంటింట గుమ్మి యుండెడిది. పెద్ద ఇండ్లలో జొన్న పాతర యుండెడిది. నేడు పది ఎకరములు పండించు రైతు కూడ అంగడిలో బియ్యపు సంచి కొని తినుచున్నాడు. పంట హెచ్చినది, ఊరిలో నిలువ తగ్గినది. పొరుగింటిలో గింజ లేనప్పుడు బదులు అడుగుటకు వచ్చిన మనిషి ఎవరి గుమ్మి వద్దకు పోవలెను?

గుమ్ములున్న కాలమంతయు మంచిదని నేను చెప్పుట లేదు. అప్పుడు నాగు కూడ ఉండెడిది. ఆషాఢములో ఒక కుంచెడు గింజ తెచ్చుకొన్నవాడు పంటకాలమున ఒకటిన్నర కుంచము కొలువవలసి యుండెడిది. పంట చెడినచో ఆ నాగు మీద మరల నాగు. కొందరి తరములు దానిలోనే గడచిపోయినవి. నేడు గింజ రూపములో నాగు తగ్గినది కాని, డబ్బు రూపములో నూటికి నెలకు 2, 3 రూపాయల మిత్తి ఉండనే యున్నది. ఆకలి నెలలో చేసిన చిన్న అప్పే పంట చేతికి రాకముందే పంటను అమ్మించుచున్నది.

కావున ఊరి ఆకలికి ఊరిలోనే, నాగు లేని గుమ్మి కావలెను. దానినే ధాన్యపు బ్యాంకు, ధాన్యపు నిధి అనుచున్నారు.

పట్టణములలో దీనికి పోలికయైన ఏర్పాటు వేరొక విధముగా నడచుచున్నది. 1967లో అమెరికా దేశపు అరిజోనా రాష్ట్రమున ఫీనిక్స్ నగరములో జాన్ వాన్ హెంగెల్ అను నాతడు దుకాణములలో మిగిలి పారవేయుచున్న ఆహారమును సేకరించి ఆకలిగొన్నవారికి చేర్చుటకు మొదటి ఆహార బ్యాంకును నెలకొల్పెను. నేడు అట్టివి అనేక దేశములలో కలవు. అచ్చట మిగులు ఆహారము దానముగా వచ్చును, దానముగా పోవును. పల్లెటూరి నిధి అట్టిది కాదు. ఇచ్చట గింజ అప్పుగా పోవును, పంటకాలమున తిరిగి వచ్చును. తీసుకొన్నవాడు తల వంచుకొనవలసిన పని లేదు. మరుసటి యేడు అతడే నిధికి కొలిచి పోయును. దానము పట్టినవానికి, బదులు తీర్చినవానికి ఊరిలో గల తేడా మీరెరిగినదే.

ఈ పని మనకు క్రొత్త కాదు. 1940 దశకములో హైదరాబాదు రాష్ట్ర కాలముననే ఆదిలాబాదు గోండుల మధ్య వడ్డీ వ్యాపారి పీడను తప్పించుటకు ధాన్యపు బ్యాంకులు పెట్టిరి. 1996-97లో కేంద్ర ప్రభుత్వము గిరిజన గ్రామములలో గ్రామ ధాన్య బ్యాంకుల పథకమును ఆరంభించెను. 2004లో అది ఆహార శాఖకు మారినది. కుటుంబమునకు ఒక క్వింటాలు చొప్పున, 30, 40 కుటుంబములు కలసి ఒక బ్యాంకుగా ఏర్పడుట దాని పద్ధతి. 2000 సంవత్సరము తరువాత వెలుగు పథకము క్రింద మహిళా సంఘములు బియ్యమును టోకుగా కొని, సభ్యులకు అప్పుగా ఇచ్చి, వాయిదాలలో వసూలు చేసినవి.

అన్నిటికంటె మనకు దగ్గరి ఉదాహరణ జహీరాబాదు ప్రాంతములో కలదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోవువరకు సిద్దిపేట, జహీరాబాదు రెండును మెదక్ జిల్లాలోనివే. 1983లో స్థాపించబడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యమున పస్తాపూర్ చుట్టుప్రక్కల గ్రామములలో పేద మహిళలు, ముఖ్యముగా దళిత మహిళలు, సంఘములుగా ఏర్పడిరి. భూసంస్కరణలలో వారికి కొంత భూమి వచ్చినది కాని, అది ఎర్రని నిస్సారమైన నేల. దున్నుటకు ఎడ్లు లేవు, వేయుటకు ఎరువు లేదు. భూమి బీడుపడియుండెను, ఇంటిలో ఆకలి యుండెను. 1990 దశకము నడుమ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయముతో ఈ సంఘములు ఒక ఉపాయము చేసినవి. బీడు భూమిని దున్ని, పెంట తోలి, జొన్న విత్తుకొనుటకు సభ్యులకు అప్పు ఇచ్చిరి. ఆ అప్పును డబ్బుగా కాక, కొన్ని సంవత్సరములపాటు జొన్నల రూపములో తీర్చవలెనని కట్టడి చేసిరి. సుమారు 30 గ్రామములలో 2,500 ఎకరములకు పైగా బీడు సాగులోనికి వచ్చినది. తిరిగి వచ్చిన జొన్నలు ఊరిలోనే నిలువ చేసి, ఆకలి నెలలలో పేద కుటుంబములకు తక్కువ ధరకు కొలిచిరి.

ఎవరు పేద అని నిర్ణయించిన పద్ధతి ఇంకను గమనింపదగినది. ఊరివారందరు ఒకచోట కూడి, నేలపై ముగ్గుతో ఊరి పటము గీసి, ఇల్లిల్లు లెక్కించి, ఏ ఇంటికి ఎంత లోటు కలదో తామే తేల్చిరి. ఎక్కువ లోటు గల ఇంటికి ఎక్కువ గింజ. పదిమంది యెదుట జరిగిన నిర్ణయము గనుక కలిగినవాడు చేయి చాచుటకు సిగ్గుపడెను. 2019లో ఈ సంస్థ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతిని పొందినది.

ఇక్కడ ఒక నిజము దాచరాదు. పెట్టిన ధాన్యపు బ్యాంకులన్నియు నిలువలేదు. గింజ పైనుండి వచ్చినచోట "ఇది సర్కారు గింజ, తిరిగి ఇయ్యనక్కర లేదు" అను మాట పుట్టును. ఒకరు ఎగవేసిన మరుసటి యేడు పదిమంది ఎగవేయుదురు. మూడవ యేడు గది తాళము తుప్పుపట్టును. కొన్నిచోట్ల గింజ పురుగు పాలగును. మరికొన్నిచోట్ల లెక్క ఒక్కని చేతిలో నుండును. కావున నా అభిప్రాయమిది: మొదటి గింజ ఊరి కల్లములనుండియే రావలెను. తన చేతితో పోసిన గింజను ఎవరును వదలుకొనరు.

లెక్క చూడుడు. ఒక ఊరిలో 100 మంది రైతులు ఒక్కసారి, ఒక్కొక్కరు అర క్వింటాలు వడ్లు పోసినచో 50 క్వింటాళ్లగును. 2025-26లో సాధారణ రకపు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అనగా ఒక్కొక్కరి వంతు 1,185 రూపాయలకు మించదు. పేద రైతు 10 కిలోలే పోయవచ్చును, మోతుబరి రెండు క్వింటాళ్లు పోయవచ్చును. ఆ 50 క్వింటాళ్లను 50 కుటుంబములకు క్వింటాలు చొప్పున అప్పు ఇయ్యవచ్చును. క్వింటాలు వడ్లు గిర్నీ పట్టించినచో సుమారు 65 కిలోల బియ్యము వచ్చును. పైన చెప్పిన ఇంటికి నెలకు 30 కిలోల లోటు గదా. రెండు నెలల లోటు తీరినట్లే. పంటకు క్వింటాలుకు 110 కిలోలు తిరిగి కొలిచినచో ఏటికి 5 క్వింటాళ్లు పెరుగును. అందులో కొంత ఎండుటకు, తరుగుకు పోవును. తక్కినది తిరిగి ఇయ్యలేని ముసలివారికి, రోగులకు ఉచితముగా ఇయ్యవలెను. వారినుండి బాకీ అడుగరాదు. పంట ఎండిన యేడు ఊరందరికి గడువు పెంచవలెనేగాని నాగు మీద నాగు వేయరాదు.

నిలువ విషయములో ఈ జాగ్రత్తలు తీసుకొనుడు. బియ్యముకంటె వడ్లు ఎక్కువ కాలము నిలుచును, కావున వడ్లుగానే ఉంచవలెను. తేమ నూటికి 12, 13 పాళ్లకు తగ్గువరకు ఎండబెట్టవలెను. కొనుగోలు కేంద్రములోని తేమ యంత్రముతో చూడవచ్చును. సంచులను నేలపై వేయక, చెక్క బల్లలపై, గోడకు ఒక అడుగు ఎడముగా పేర్చవలెను. పాత గింజను ముందు ఖర్చు చేసి, క్రొత్త గింజను వెనుక నుంచవలెను. జొన్న, కంది, పెసర వంటివి కొంచెము నిలువచేయువారు బాగుగా ఎండిన గింజలో వేపాకు, జల్లించిన బూడిద కలుపుట వాడుక. మందు కలిపిన విత్తనమును ఈ గదిలో ఎన్నడును పెట్టరాదు. అది తిండి గింజలో కలసినచో ప్రాణాపాయము. పొగబెట్టు బిళ్లలను తెలిసిన సిబ్బంది చేతనే వాడించవలెను. మనుష్యులు పండుకొను ఇంటిలో వాటిని తాకరాదు.

వరి ఒక్కటే కాదు. చెలక ఉన్న రైతు జొన్న, కంది కొలిచినచో నిధి ఇంకను బలపడును. రేషన్ బియ్యమునకు లేనిది పప్పే గనుక, ఆకలి నెలలో రెండు కిలోల కందులు పిల్లలకు ఎంతో మేలుచేయును.

గ్రామాధికారులకు ఒక మనవి. ఈ నిధికి మీరు యజమానులు కారాదు, సాక్షులు కావలెను. పంచాయతీ కార్యదర్శి ఒక గది చూపించవలెను. వ్యవసాయ విస్తరణాధికారి కోతలకు ముందు రైతు వేదికలో ఒక సమావేశము జరిపించి, తేమ, నిలువ విషయములు చూచుకొనవలెను. తాళములు రెండుండవలెను. ఒకటి గ్రామ మహిళా సమాఖ్య వద్ద, రెండవది రైతులు ఎన్నుకొన్నవారి వద్ద. ఎవరు ఎంత పోసిరో, ఎంత తిరిగి కొలిచిరో గోడమీద వ్రాయవలెను. ఎవరు ఎంత తీసుకొనిరో మాత్రము పుస్తకములో నుండవలెను గాని గోడమీద నుండరాదు. పేరు బయటబడునను భయముచేత ఆకలిగొన్న మనిషి గడప తొక్కకుండ పోయినచో నిధి యుండియు లేనట్లే. కార్డు లేనివారికి కార్డు ఇప్పించుట మీ బాధ్యత. నిధి యున్నది గదా అని దానిని వాయిదా వేయరాదు. రేషన్ ప్రజల హక్కు. నిధి ఆ హక్కుకు తోడు, బదులు కాదు.

వచ్చు కోతలలో ట్రాక్టరు కొనుగోలు కేంద్రమునకు బయలుదేరకముందు ఒక అర క్వింటాలు ప్రక్కకు తీసి పెట్టుడు. నలుగురు రైతులు మొదలుపెట్టినను చాలును, పది కుంచములతో మొదలైన నిధియు నిధియే. మరుసటి ఆషాఢమున వాన వెనుకబడిన నాడు, చేట చేతబట్టుకొని చీకటిపడు వేళకై ఎదురుచూచు తల్లి మీ వీధిలోనే యుండవచ్చును. ఆమె పట్టపగలు, తలయెత్తుకొని, తన ఊరి గది వద్దకు వచ్చి గింజ కొలిపించుకొని పోవునట్లు చేయుట మన చేతిలో నున్నది.