రాజా మూసా అడవికి ముందస్తు లెక్క కావాలి

సంపాదకుడు గారికి,

వానలు మొహం చాటేసిన ప్రతిసారీ మలేషియాలోని సెలంగోర్‌లో ఒకటే ప్రశ్న: ఈ ఏడు పొగ వస్తుందా, రాదా? అధికారులు ఒక్క మాటలో తేల్చి చెప్పాలని జనం కోరుకుంటారు. ఆ పొగకు మూలమైన పీట్ నేలల మంటల విషయంలో అలా తేల్చడం ఎవరి తరమూ కాదు. మంటలకు ఎంత అవకాశం ఉంది, అంత అవకాశానికి ముందుగా ఎంత ఖర్చు పెట్టవచ్చు అని అడిగితేనే పని జరుగుతుంది.

కౌలా సెలంగోర్ జిల్లాలోని రాజా మూసా రిజర్వు అడవినే చూడండి. ఆకులూ కొమ్మలూ నీటిలో సగం కుళ్ళి వేల ఏళ్ళుగా పేరుకున్న నల్లటి పీట్ నేల అది. ఒకప్పుడు దుంగలను తరలించడానికి తవ్విన కాలువల గుండా నీరు జారిపోయి ఎండిపోయింది. ఎండిన పీట్‌కు నిప్పంటుకుంటే పైన మంట ఆరినా లోలోపల వారాల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. పైపైన నీళ్ళు చల్లితే చాలదు, నేలలోని నీటిమట్టం మళ్ళీ పైకి రావాలి. అందుకే 2008 నుంచి సెలంగోర్ అటవీ శాఖ, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి కాలువలకు అడ్డుకట్టలు వేస్తూ, మొక్కలు నాటుతూ వస్తున్నారు.

పీట్ నేలలో నీటిమట్టం కొలవడం పెద్ద విద్యేమీ కాదు. చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాన్ని నేలలోకి దించి, అందులోకి టేపు వదిలితే నీరు ఎంత లోతున ఉందో తెలిసిపోతుంది. మరోవైపు మలేషియా వాతావరణ శాఖ వాన, ఎండ, గాలి, తేమలను బట్టి అగ్నిప్రమాద స్థాయిని రోజూ పటం మీద రంగుల్లో చూపిస్తుంది. ఈ రెంటినీ పాత మంటల చిట్టాతో కలపాలి. నీరు ఇంత లోతుకు దిగి, పటం ఎర్రబడిన రోజుల్లో గతంలో నూటికి ఎన్నిసార్లు నిప్పంటుకుంది? ఆ నిష్పత్తే సంభావ్యత. కొత్త కొలత వచ్చినప్పుడల్లా దాన్ని సవరించుకుంటూ పోవాలి.

ఉదాహరణకు, అడ్డుకట్టలు సరిచేసి, గస్తీ పెట్టడానికి 10 వేల రింగిట్లు అవుతాయనీ, మంటలొస్తే నష్టం లక్ష అనీ, ముందే పని చేస్తే ఆ నష్టం తప్పుతుందనీ అనుకుందాం. మంటలకు అవకాశం 10 శాతం దాటిన క్షణం నుంచి ఖర్చు పెట్టడమే లాభం. మంటలు ఖాయమయ్యేదాకా ఆగనక్కర్లేదు.

అడ్డుకట్టలు బాగుచేశాక వాన దంచికొడితే డబ్బు దండగైందని అరిచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 30 శాతం అవకాశం ఉందని చెప్పిన సందర్భాలన్నిటిలో నూటికి దాదాపు ముప్ఫైసార్లు మంటలొస్తే ఆ లెక్క సరైనదే. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పడం అన్యాయం. భారత వాతావరణ శాఖ కూడా రుతుపవనాల మీద ఒక్క అంకెతో ఊరుకోవడం లేదు. లోటు వర్షానికి ఇంత, సాధారణానికి ఇంత, అధికానికి ఇంత అని అవకాశాలను శాతాల్లో చెబుతోంది.

చిక్కు మరొకచోట ఉంది. అడవికి నీరు పైదాకా కావాలి, పక్కనున్న పామాయిల్ తోటకు వేళ్ళ దగ్గర నీరు నిలవకూడదు. ఆ తగవు తీర్చడానికి కూడా అంకెలు బయట పెట్టడమే మార్గం. 2014 ఆరంభంలో కరువు వల్ల సెలంగోర్‌లో ఇళ్ళకు కూడా నీటిని వంతులవారీగా వదలాల్సి వచ్చింది. అలాంటి కరువు మళ్ళీ వస్తే ఎవరి నీటికి ఎంత కోత అన్నది అప్పటికప్పుడు కొట్లాడుకుని తేల్చుకోవాలా?

ఏ నీటిమట్టం దగ్గర ఏ అడ్డుకట్ట ఎవరు చూడాలో, ఖర్చు ఎవరు భరించాలో ముందే రాసి, మలయ్, తమిళం, తెలుగు, చైనీస్ భాషల్లో ఊరూరా అతికించమని అధికారులను అడగండి. మీ పత్రిక ఈ విషయాన్ని వదలకుండా వెంటపడాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు
కౌలా సెలంగోర్