ఎండిన కాశీ – పచ్చని కాంప్లెక్స్

మన పిల్లలు సెల్‌ఫోనులో చూచి పడిపడి నవ్వుచున్న ‘బుజ్జి అండ్ భైరవ’ను మేమును చూచితిమి. ‘కల్కి 2898 ఏడీ’ సినిమాకు ముందుగా 2024 మే 31న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన రెండు భాగముల బొమ్మల కథ ఇది. చోటా భీమ్‌ను అందించిన హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వారే తీసిరి.

బుజ్జి ఒళ్లులేని యంత్రపు మెదడు. గొంతు కీర్తి సురేష్‌ది. భైరవకు ప్రభాస్ గొంతు. వారి వాదులాట నిజముగా నవ్వించును.

అయితే భైరవ గురి చూడండి. నీరు, పచ్చదనము ఉన్న కాంప్లెక్స్‌లో చేరవలెను. దానికి పది లక్షల యూనిట్లు కావలెను గనుక మనుషులను పట్టి అప్పగించి సంపాదించును. కాశీ ఎండిపోయినది, వానిని పూర్తిగా తప్పు పట్టలేము. కరవు ఎరిగిన గండికోటవారికి ఆ దాహము తెలియును.

పిల్లలతో కూర్చుండి చూచిన ఒక అవ్వ, “ఆడికి పోయినోళ్లు ఎవురన్నా తిరిగొచ్చిరా అయ్యగారూ?” అని మమ్మును అడిగెను. ఆమె కొడుకులిద్దరును బెంగుళూరులో ఉన్నారు.