‘ఏం గాదు’ అన్నది మనమే

రొమ్ము క్యాన్సర్ అని బయటపడ్డాక మనం చెప్పుకునే కథ ఒకటుంది. "ఎన్నో ఏండ్ల సంది ఉన్న మామూలు గడ్డనే, ఎందుకో క్యాన్సర్ అయింది." తాండూరులోనూ ఇదే మాట, వికారాబాద్‌లోనూ ఇదే. మోసమంతా గడ్డదే, మనదేం లేదు అన్నట్టుంటుంది. కానీ అది మామూలు గడ్డేనని తేల్చిందెవరు? సూది పరీక్ష చేయించామా? స్కానింగ్ తీయించామా? చాలా ఇండ్లల్లో తేల్చింది మనమే. నొప్పి లేదు కాబట్టి ఏం గాదన్నాం.

మామూలు గడ్డలో క్యాన్సర్ పుట్టదని కాదు. పుడుతుంది, చాలా అరుదుగా. వయసులో ఉన్న ఆడవాళ్లకు వచ్చే రొమ్ము గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా. వేలితో నొక్కితే జారుతుంది, నొప్పుండదు. దాని లోపల క్యాన్సర్ దొరకడం వెయ్యికి ఒకటి నుంచి మూడు అని వైద్యుల లెక్క. దొరికినవాళ్లు ఎక్కువగా నలభై దాటినవాళ్లు. పైకి అదే నునుపు, అదే జారుడు. ఒక్కోసారి స్కానింగ్‌కు కూడా చిక్కదు. తీసేసిన గడ్డను పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితేనే తెలుస్తుంది. అట్లా తెలిసినవాటిలో చాలావరకు ఇంకా పుట్టినచోటు దాటని దశలోనే ఉంటాయి కూడా.

కాబట్టి అన్ని పరీక్షలూ చూసి డాక్టర్ ‘ఏం కాదు’ అంటే ఆ మాట దాదాపు ఎప్పుడూ నిజమే. కానీ ఆ డాక్టరే ఆరు నెలలకు మళ్లీ రమ్మంటే, ఆ సగం మాత్రం మనం వినలేదు. అసలు డాక్టర్ దాకా పోకుండానే ఆ మాటను మనకు మనమే చెప్పుకున్నవాళ్లం ఇంకా ఎక్కువ. క్యాన్సర్‌గా మారిందని మనం అంటున్న గడ్డల్లో ఎన్ని మొదటినుంచీ క్యాన్సరే అయి ఉంటాయో, పరీక్షే లేనప్పుడు ఎవరు చెప్పగలరు?

అనంతగిరి కొండ మీద నిజాం కాలం నాటి టీబీ ఆస్పత్రి ఉన్న నేల మనది. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే గళ్ల పరీక్షకు పోవాలని ఇక్కడ చిన్నపిల్లకు కూడా తెలుసు. టీబీ అని చెప్పుకునే సిగ్గును దాటగలిగాం, రొమ్ములో గడ్డ అని చెప్పుకునే సిగ్గును దాటలేదు. పెండ్లి కావాల్సిన పిల్ల, మచ్చ పడితే ఎట్లా అన్నాం. కంది కోతలు కానీ అన్నాం. కోతలయ్యాక బండల పాలిషింగ్‌కు పోతే వచ్చే కూలి పోతుందన్నాం. అబద్ధాలేం కావు, కూలి నిజంగానే పోతుంది. కానీ మగవాళ్లకు గుండెలో నొప్పంటే అదే రోజు పట్నం రైలెక్కాం. నాంపల్లిలో దిగితే రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆ దూరం మనకు ఆడవాళ్ల విషయంలోనే ఎక్కువైంది.

ముప్పై దాటినవాళ్లకు పరీక్ష చేస్తామని ఆశా కార్యకర్త గడప దగ్గరికొచ్చి చెబితే, "బాగనే ఉన్న" అని అక్కడి నుంచే పంపించాం. చేత్తో చూస్తే ఏం తెలుస్తుందని మనకు చులకన. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏండ్లు చూశారు. శిక్షణ పొందిన ఆడవాళ్లు రెండేండ్లకోసారి చేత్తో పరీక్షించిన చోట, యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో అంత తేడా రాలేదు, అదీ చెప్పాలి. 2023లో మన రాష్ట్రంలో మంగళవారాల్లో ఆడవాళ్లకు పరీక్షలు చేసే ఆరోగ్య మహిళ క్లినిక్‌లు తెరిచినప్పుడు ఫోటోలు పంచుకున్నాం. మన ఇంటి ఆడవాళ్లను మాత్రం పంపలేదు.

ఇక ఆపరేషన్ దాకా పోయినవాళ్లం చేసింది. తీసిన గడ్డను ల్యాబుకు పంపాలంటే మళ్లీ ఖర్చా అన్నాం. పంపినా రిపోర్టు తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా చదివించలేదు. తీయించని ఫైబ్రోఅడినోమా ముట్లు ఆగాక మామూలుగా చిన్నదవుతుంది. పెరుగుతుంటే వయసు మీద పడుతోందనుకున్నాం. పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు, స్కానింగ్ కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అందుకే, మొదట ఎంత ఉండేదమ్మా అని ఆస్పత్రిలో అడిగితే, రేగుపండంత అని ఆమె అంటుంది. పక్కనున్న కొడుకు, "అసలు గడ్డ ఉన్నదని నాకు మొన్ననే తెలిసింది సార్" అంటాడు.